వాన వెలిసినా రాని సిగ్నల్: విశాఖలో ఒక మోటార్‌హోమ్ యాంటెన్నా వైరింగ్ మార్చిన కేసు

ట్రావెలర్ వ్యాన్ మీద కట్టిన మోటార్‌హోమ్ ఇది. ఓనర్లు ఎంవీపీ కాలనీలో ఉండే రిటైరైన దంపతులు. అరకు, లంబసింగి, భీమిలి అంటూ తిరుగుతూనే ఉంటారు. తిరగని రోజుల్లో బండి ఇంటి ముందు ఆరుబయటే ఉంటుంది. సముద్రపు గాలి రాత్రీ పగలూ దాని మీదే. ఈ కేసులో ఆ గాలి పాత్ర చాలా ఉంది.

వాళ్లు నా దగ్గరికి వచ్చింది సిగ్నల్ బూస్టర్ పెట్టించుకోవడానికి. అప్పటికే ఒక చోట డిష్ మార్పించారు, ఇంకో చోట ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్‌ని పట్టి వైరులోకి పంపే భాగం) మార్పించారు, సెట్‌టాప్ బాక్స్ కూడా కొత్తదే. వైరు జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. అది సీలింగ్ ప్లై వెనక దాగి ఉంటుంది, బయటికి తీయాలంటే పని పెద్దది, అందుకే అందరూ పైపైన కనిపించేవే మార్చారు.

"వాన పడితే సిగ్నల్ పోతుంది, సరే, అందరిళ్లలోనూ పోతుంది. మా బండిలో వాన వెలిసినా మర్నాడు మధ్యాహ్నం దాకా రాదు బాబూ" అన్నారు పెద్దాయన.

"ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా బొమ్మ ఆగిపోతోంది, అది కూడా చెప్పండి" అన్నారు అమ్మగారు.

నిజానికి ఈ రెండు మాటల్లోనే కేసు సగం తేలిపోయింది. టీవీ డిష్‌కి వచ్చే కేయూ బ్యాండ్ సిగ్నల్ 10 నుంచి 13 గిగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఆ ఫ్రీక్వెన్సీలో వాన చినుకులు సిగ్నల్‌ని పీల్చేస్తాయి. కానీ వాన తగ్గిన కొద్ది నిమిషాల్లోనే బొమ్మ తిరిగి రావాలి. మర్నాడు ఎండ కాసేదాకా రావట్లేదంటే నీళ్లు ఆకాశంలో లేవు, వైరులో ఉన్నాయి. ఇక ఫ్రిజ్‌కీ డిష్‌కీ సంబంధమే లేదు, ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే నెగటివ్ దారి) దగ్గర ఎక్కడో రెండూ కలిస్తే తప్ప.

ఇంట్లో యాంటెన్నా వైరుకీ బండిలో వైరుకీ తేడా ఇక్కడే. ఇంట్లో వైరు గోడకి కదలకుండా పడి ఉంటుంది. బండిలో అది ఘాట్ రోడ్డు మీద ఊగుతుంది, పైకప్పు రేకు వేడికి ఉడుకుతుంది. అన్నిటికీ మించి, దాని బయటి జాలీ (మధ్య తీగ చుట్టూ, తొడుగు కింద ఉండే లోహపు అల్లిక) డిష్ స్టాండు ద్వారా బండి బాడీకి, అంటే బ్యాటరీ నెగటివ్‌కి కలిసి ఉంటుంది. కాబట్టి బండిలో యాంటెన్నా వైరు మార్చడమంటే పాత దారిలోనే కొత్త వైరు లాగడం కాదు. లోపలికి వచ్చే కన్నం, వెళ్లే దారి, రెండు కొసలు, ఎర్త్ అన్నీ మార్చాలి. ఇందులో ఏ ఒక్కటి వదిలేసినా ఆ బండి మళ్లీ వర్క్‌షాపుకి వస్తుంది.

ముందుగా చేసిన పరీక్షలు

దిశ సరిగ్గా ఉందో లేదో మొదట చూసుకున్నాను. వీళ్లు చూసేది డీడీ ఫ్రీడిష్. అది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి వస్తుంది. విశాఖ నుంచి చూస్తే ఆ ఉపగ్రహం ఆగ్నేయం వైపు, కాస్త దక్షిణానికి జరిగి, నేల నుంచి సుమారు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తున ఉండడం బండి వాళ్లకి మంచిదే. బీచ్ రోడ్డు మేడలు గానీ అరకు కొండలు గానీ మామూలుగా అడ్డం రావు. అడ్డం వచ్చేవల్లా నెత్తి మీద చెట్లే. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల కింద బండి పెడితే ఎంత మంచి వైరు వేసినా సిగ్నల్ రాదు. ఈ మాట ఓనర్లకి ముందే చెప్పేశాను.

తర్వాత నా దగ్గరున్న మంచి కేబుల్ ఒకటి ఎల్‌ఎన్‌బీ నుంచి కిటికీ గుండా తెచ్చి నేరుగా బాక్స్‌కి కలిపాను. సిగ్నల్ క్వాలిటీ వెంటనే పెరిగింది. డిష్, ఎల్‌ఎన్‌బీ, బాక్స్ మూడూ బాగున్నాయని తేలింది. బూస్టర్ మాట అక్కడితో పక్కన పెట్టాం. బూస్టర్ పాడైన సిగ్నల్‌ని, దానితో వచ్చే రొదని కలిపి పెంచుతుంది. తడి వైరు ముందు దాన్ని పెట్టి లాభం లేదు.

మామూలుగా బాక్స్ ఆపాకే వెనకున్న ఎఫ్ కనెక్టర్ (డిష్ వైరు కొసన తిప్పి బిగించే కనెక్టర్) విప్పాలి. మధ్య తీగ అంచుకి తగిలితే షార్ట్ అవుతుంది. కానీ ఫ్రిజ్ సంగతి విన్నప్పటి నుంచి నాకొక అనుమానం ఉంది. అందుకే బాక్స్ ఆన్‌లో ఉంచి, మధ్య తీగ ఎక్కడా తగలకుండా ఆ టెస్ట్ కేబుల్‌ని నెమ్మదిగా విప్పాను. ఆఖరి చుట్టు ఊడగానే బాక్స్ లైటు ఆరిపోయింది. టీవీ ఆరిపోయింది. వెనక ఫ్రిజ్ లైటు కూడా ఆరిపోయింది. కనెక్టర్‌ని మళ్లీ బాక్స్‌కి ఆనించగానే మూడూ వెలిగాయి.

అంటే ఆ మూలన ఉన్న సామాన్లన్నిటికీ నెగటివ్ వైరు తెగిపోయినట్టే లెక్క. కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లడానికి వేరే దారి లేక యాంటెన్నా వైరు జాలీ పట్టుకుని, ఎల్‌ఎన్‌బీ బాడీ మీదుగా, డిష్ స్టాండు బోల్టుల గుండా పైకప్పుకి పోతోంది. 12 వోల్టుల ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగేటప్పుడు 4, 5 ఆంపియర్లు తీసుకుంటుంది. సన్నటి అల్యూమినియం జాలీ మోయాల్సిన బరువు కాదది. పాత వైరు తిరిగి కలిపి, మీటరు ఒక కొస బండి బాడీ మీద, ఇంకో కొస బాక్స్ ఎఫ్ కనెక్టర్ అంచు మీద పెట్టి చూశాను. కంప్రెసర్ మొదలవగానే 2 వోల్టుల దాకా ఎగిసింది. బాక్స్‌కి అందే 12 వోల్టుల్లో ఆ మేరకు కోత పడినట్టే. బొమ్మ ఆగిపోవడానికి కారణం ఇదే. వైరుని చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది.

ఈ పరీక్ష చేయకుండా కొత్త వైరు లాగేసి ఊరుకుని ఉంటే టీవీ కొన్నాళ్లు చక్కగా వచ్చేది. కొత్త జాలీ ఇంకా బాగా కరెంటు మోస్తుంది కాబట్టి ఫ్రిజ్ గొడవ కూడా తగ్గినట్టే కనిపించేది. లోపం మాత్రం సీలింగ్ వెనక వేడెక్కుతూ అలాగే ఉండిపోయేది. చుట్టూ ప్లై, థర్మాకోల్ ఉన్న చోట అలా వేడెక్కే వైరుని వదిలేయడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేని పని. అందుకే మోటార్‌హోమ్ వైరింగ్ చేసే ప్రతి తమ్ముడికీ చెబుతాను: కొత్త వైరు కొనే ముందు, పాత వైరు విప్పితే ఇంకేం ఆగిపోతోందో చూడండి.

చివరగా ఎల్‌ఎన్‌బీ దగ్గర వోల్టేజీ చూశాను. బాక్స్ ఈ వైరు మీదుగానే ఎల్‌ఎన్‌బీకి 13 గానీ 18 గానీ వోల్టులు పంపుతుంది. ఏ పోలరైజేషన్ (సిగ్నల్ తరంగం నిలువుదా, అడ్డందా అన్నది) కావాలో ఆ వోల్టేజీని బట్టే ఎల్‌ఎన్‌బీకి తెలుస్తుంది. బాక్స్ దగ్గర 13 ఉంటే, ఎల్‌ఎన్‌బీ పని చేస్తుండగా అక్కడ 11 కూడా లేదు. అది వైరు పొడవు వల్ల వచ్చిన నష్టమని అనుకోవడానికి వీల్లేదు. చవక ఆర్‌జీ-6లో (డిష్‌లకి మామూలుగా వాడే కేబుల్ రకం) మధ్య తీగ ఇనుముకి రాగి పూత వేసినది. దాని రెసిస్టెన్స్ 100 మీటర్లకి 9, 10 ఓమ్‌లు ఉంటుంది. ఈ బండిలో వైరు 12 మీటర్లు, అంటే ఓమ్ కంటే కాస్త ఎక్కువ. ఎల్‌ఎన్‌బీ తీసుకునే కరెంటు ఆంపియర్‌లో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా. ఈ లెక్కన పోవాల్సింది వోల్టులో చిన్న భాగమే. 2 వోల్టులకి పైగా పోయిందంటే ఎక్కడో కనెక్టర్ తుప్పు పట్టింది.

పాత వైరు బయటికి తీశాక

పని మొదలుపెట్టే ముందు సోలార్ ప్యానెల్ వైర్లు విప్పి, ఆ తర్వాత బ్యాటరీ విప్పాలి. ఈ వరస తప్పితే చార్జ్ కంట్రోలర్ పాడయ్యే ప్రమాదం ఉంది. బయటి 230 వోల్టుల ప్లగ్ కూడా తీసి పక్కన పెట్టాం.

పైకప్పు మీద వైరు లోపలికి దిగే కన్నానికి రబ్బరు గ్రోమెట్ (అంచు వైరుని కోయకుండా కన్నంలో పెట్టే రింగు) లేదు. రేకు అంచు నేరుగా వైరు తొడుగు మీద ఆనుతోంది. ఘాట్ రోడ్డు కుదుపులకి ఆ అంచు తొడుగుని కోసుకుంటూ పోయింది. పైన మాత్రం సిలికాన్ దట్టంగా పూసి ఉంది. "అది పెట్టిన రోజు బండంతా పుల్లటి వాసన" అని అమ్మగారు గుర్తు చేసుకున్నారు. ఎండేటప్పుడు అలా వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ నుంచి అసిటిక్ ఆమ్లం బయటికొస్తుంది. అద్దాలకి, టైల్స్‌కి అది పనికొస్తుంది. రాగి, ఇనుము, అల్యూమినియం ఉన్న చోట పూస్తే లోహాన్ని తినేస్తుంది. యాంటెన్నా పనికి న్యూట్రల్ సిలికాన్ గానీ పీయూ (పాలీయురెథేన్) సీలెంట్ గానీ వాడాలి. సీసా మీద రాసి ఉంటుంది, కొనేటప్పుడు ఒక్క నిమిషం చదివితే చాలు.

నీళ్లు ఎంత దూరం వెళ్లాయో చూద్దామని పాత వైరుని పైకొస నుంచి జానెడు జానెడు కోసుకుంటూ వచ్చాం. తొడుగు చీలిస్తే లోపల జాలీ ఉండాల్సిన చోట తెల్లటి పొడి రాలింది.

"అన్నా, ఇదేటి, సున్నంలా రాలతంది?" అన్నాడు మా కుర్రాడు.

ఉప్పు నీళ్లు తగిలిన అల్యూమినియం అలాగే అవుతుంది. ఒక్క చోట తొడుగు తెగితే చాలు, జాలీ అల్లిక సందుల్లోంచి తడి పాకుతూ మీటర్ల దూరం పోతుంది. ఈ వైరులో పైకప్పు నుంచి అల్మారా దాకా వచ్చేసింది. ఎల్‌ఎన్‌బీ కొసన ఉన్నది చేత్తో తిప్పి బిగించే రకం కనెక్టర్. దాన్ని విప్పితే మధ్య తీగ ఎర్రగా తుప్పు పట్టి ఉంది. ఇనుము మీద రాగి పూత ఉన్న తీగకి కోసిన కొసన ఇనుము బయటే ఉంటుంది. హై ఫ్రీక్వెన్సీ సిగ్నల్ తీగ పైపొరలోనే పోతుంది కాబట్టి పొడి ఊళ్లో ఆ తీగ బాగానే నడుస్తుంది. విశాఖలో సముద్రానికి దగ్గర్లో మాత్రం కొస నుంచే తుప్పు మొదలవుతుంది. ఆ 13 వోల్టులు 11 లోపుకి పడిపోయింది అక్కడే.

ఇంకొకటి కూడా దొరికింది. సీలింగ్ ప్లైకీ రేకుకీ మధ్య వేడి ఆపడానికి థర్మాకోల్ పెట్టారు. వైరు దాన్ని ఆనుకున్నంత మేరా థర్మాకోల్ కరిగి గాడి పడింది, వైరు తొడుగు బిరుసెక్కి వంచితే పగులుతోంది. పీవీసీ తొడుగుని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం థర్మాకోల్‌లోకి లాగబడుతుంది. కరెంటు వైరైనా, యాంటెన్నా వైరైనా ఈ రెండింటినీ ఆనించి వదలకూడదు. ఈ సంగతి తెలియక ఎన్ని బండ్లలో ఎన్ని వైర్లు అలా బిరుసెక్కుతున్నాయో తలచుకుంటే బాధగా ఉంటుంది. దీనికి పరిష్కారం ఒక ఫ్లెక్సిబుల్ పైపు అంతే.

కొత్త వైరు, కొత్త దారి

కొత్త వైరుకి గట్టి రాగి మధ్య తీగ ఉన్న ఆర్‌జీ-6 తీసుకున్నాం, 75 ఓమ్‌లది. ఈ 75 తీగ రెసిస్టెన్స్ కాదు, సిగ్నల్‌కి వైరు చూపే ఇంపెడెన్స్. బయట ఉండే భాగానికి నల్లటి పాలిథీన్ తొడుగుది. ఎండకి తెల్ల పీవీసీ కంటే అది ఎక్కువ కాలం నిలుస్తుంది. పొడవు విషయంలో టెన్షన్ అక్కర్లేదు. ఎల్‌ఎన్‌బీ నుంచి వైరులోకి వచ్చే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. మంచి ఆర్‌జీ-6లో 10 మీటర్లకి పోయేది 2, 3 డెసిబెల్స్ (సిగ్నల్ తగ్గుదలని కొలిచే లెక్క) మాత్రమే.

వైరు ఒకే ముక్కగా వేయాలా, మధ్యలో జాయింట్ పెట్టాలా అన్న దాని మీద మెకానిక్‌ల మధ్య ఎప్పుడూ వాదన ఉంటుంది. ఒకే ముక్క మేలని చాలామంది అంటారు, ఇళ్లకైతే నేనూ అదే చేస్తాను. ఈ బండికి మాత్రం కావాలనే ఒక జాయింట్ పెట్టాను. పైకప్పు దాటి లోపలికి రాగానే, తలుపు తీస్తే చేతికి అందే అల్మారా పై అరలో. సముద్రం పక్కన ఉండే బండికి బయటి ముక్క ఎప్పటికైనా పాడవుతుంది, లోపలి ముక్క పాడవదు. మంచి జాయింట్ వల్ల పోయే సిగ్నల్ అర డెసిబెల్ కూడా ఉండదు. దానికి బదులుగా, మళ్లీ వైరు మార్చాల్సి వచ్చినప్పుడు సీలింగ్ విప్పే అవసరం రాదు. బయటి ముక్కని ఓనరే మార్చుకోవచ్చు.

పాత కన్నాన్నే వాడుకున్నాం. పైకప్పుకి ఇంకో కన్నం పెట్టడం అంటే ఇంకో లీకేజీకి చోటివ్వడమే. అంచు తుప్పు గీకి, ప్రైమరు వేసి ఆరనిచ్చి, దాని మీద ఎంట్రీ బాక్స్ (కన్నాన్ని కప్పే మూత) బిగించాం, వైరు దూరే గ్లాండ్ (వైరు చుట్టూ బిగిసే రబ్బరు బిగింపు) బండి వెనక్కి తిరిగి ఉండేలా. ముందుకి తిరిగి ఉంటే బండి వేగానికి వాన నీరు గ్లాండ్‌లోకి కొడుతుంది. కింద బ్యుటైల్ టేపు, చుట్టూ పీయూ సీలెంట్. స్క్రూలు 316 గ్రేడ్ స్టీలువి. మామూలు 304 స్టీలు కూడా ఈ గాలికి గోధుమ రంగు మరకలు పడుతుంది. గ్లాండ్‌లోకి వెళ్లే ముందు వైరుని కిందికి ఒక వంపు తిప్పి వదిలాం. వైరు వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

లోపల వైరు మొత్తం ఫ్లెక్సిబుల్ పైపులో, కుడివైపు అల్మారాల పై అంచు వెంట వెళ్తుంది. ఇన్వర్టర్ వైర్లు ఎడమవైపున ఉన్నాయి. రెండూ ఒక్క చోట దాటుకోక తప్పలేదు, అక్కడ అడ్డంగా నిలువుగా దాటేలా పెట్టాం. పక్కపక్కనే కట్టగా కడితే ఇన్వర్టర్ రొద వైరులోకి వస్తుంది. మలుపుల దగ్గర వైరుని 7 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగువుగా వంచలేదు. బిగించి వంచితే లోపలి ఫోమ్ నలిగి, ఆ చోట 75 ఓమ్‌లు కాస్తా మారిపోతుంది, సిగ్నల్ కొంత వెనక్కి తిరుగుతుంది. పైపులో ఒక నైలాన్ తాడు కూడా వదిలేశాం, ముందుముందు ఇంకో వైరు లాగాల్సి వస్తే పనికొస్తుంది.

కనెక్టర్ల మీద ఎంత సమయం పెట్టినా తప్పు లేదు. అన్నీ కంప్రెషన్ రకం (ప్రత్యేక పనిముట్టుతో వైరు మీద నొక్కి బిగించేవి), ఇత్తడివి. తొడుగు ఒలిచాక జాలీని వెనక్కి మడవాలి. ఒక్క సన్నటి పోగు కూడా మధ్య తీగ వైపు రాకూడదు. తెల్లటి ఫోమ్ కనెక్టర్ లోపలి అంచుకి సరిగ్గా సమంగా కూర్చోవాలి, మధ్య తీగ బయటి అంచు దాటి 3 మిల్లీమీటర్లు మాత్రమే కనపడాలి. పొడవైతే బాక్స్ సాకెట్‌ని పాడు చేస్తుంది, పొట్టిదైతే కుదుపులకి కాంటాక్ట్ వదిలేస్తుంది. ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ బిగించాక దాని మీద సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు (జిగురు లేకుండా తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు) సాగదీసి చుట్టి, పైన ఎండకి తట్టుకునే మామూలు నల్ల టేపు వేశాం.

ఎర్త్ పనిని మాత్రం కుర్రాడికి వదలకుండా నేనే చేశాను. ఫ్రిజ్ వెనక, టీవీ మూల నెగటివ్‌లు, ఫ్రిజ్ నెగటివ్ అన్నీ ఒకే లగ్‌లో (వైరు కొసకి బిగించే లోహపు రింగు) కుక్కి, పెయింటు మీదే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూతో బాడీకి బిగించారు. స్క్రూ కింద అంతా తుప్పే. దాన్ని తీసేసి ఫ్రిజ్‌కి ఒక మందపాటి నెగటివ్, టీవీ మూలకి విడిగా ఇంకో నెగటివ్ వేసి, రెండింటినీ బ్యాటరీ దగ్గరున్న బస్‌బార్‌కి (వైర్లన్నీ ఒక చోట కలిపే లోహపు పట్టీ) తీసుకెళ్లాం. బాడీ మీద నమ్మకం పెట్టుకోలేదు. ఇప్పుడు యాంటెన్నా వైరు విప్పితే బొమ్మ పోతుంది, అంతే. బాక్స్ లైటు వెలుగుతూనే ఉంటుంది.

ఎఫ్ఎం, 4జీ

ఎఫ్ఎం యాంటెన్నా ముందు పైకప్పు మీద ఉంది. దాని బేస్ కింద పెయింటు గీకి బాడీకి కాంటాక్ట్ ఇచ్చి, రబ్బరు వాషరు మార్చి, కేబుల్ కొత్తది వేశాం. రొద చాలా తగ్గింది. మిగిలింది ఎల్ఈడీ లైట్ల డ్రైవర్ల నుంచి వస్తోంది. వాటి వైర్లకి ఫెర్రైట్ క్లిప్పులు (వైరు చుట్టూ బిగించి రొదని ఆపేవి) వేస్తే ఇంకాస్త తగ్గింది. పూర్తిగా పోవాలంటే డ్రైవర్లే మార్చాలి, ఓనర్లు తర్వాత చూద్దామన్నారు.

4జీ రూటర్ యాంటెన్నాకి సన్నటి ఆర్‌జీ-174 వైరు 5 మీటర్లు పొడిగించి ఉంది. 2300 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ వైరులో మీటరుకి సుమారు 2 డెసిబెల్స్ పోతుంది. 5 మీటర్లకి 10 డెసిబెల్స్, అంటే యాంటెన్నా పట్టిన సిగ్నల్‌లో పదో వంతే రూటర్‌కి చేరుతోంది. మందమైన వైరు వేయడం కంటే రూటర్‌నే పైకప్పు దగ్గరి అల్మారాలోకి జరిపి, వైరుని మీటరుకి తగ్గించాం. పక్కనే మిగిలిన ఆర్‌జీ-6 ముక్క ఉంది కదా, దాన్నే వాడొచ్చు కదా అని అడుగుతుంటారు. రూటర్ యాంటెన్నాలు 50 ఓమ్‌లవి, డిష్ వైరు 75. దీనివల్ల నష్టం చిన్నదే గానీ, కనెక్టర్లు కుదరవు. కుదర్చడానికి వాడే అడాప్టర్లే కుదుపులకి వదులైపోతాయి.

అప్పగించే ముందు

కొత్త వైరు రెండు కొసలూ విప్పి, మధ్య తీగకీ జాలీకీ మధ్య మీటరు పెడితే ఏమీ చూపలేదు. అలాగే ఉండాలి. పాత వైరుకి అదే పరీక్షలో వేల ఓమ్‌ల లెక్కలో రీడింగ్ వచ్చింది, అది తడే. ఎల్‌ఎన్‌బీ దగ్గర ఇప్పుడు 13కి దాదాపు 13 అందుతోంది. కంప్రెసర్ మొదలైనా బాక్స్ అంచుకీ బాడీకీ మధ్య మీటరు ముల్లు కదల్లేదు.

తర్వాత సిగ్నల్ క్వాలిటీ పేజీ టీవీలో తెరిచి ఉంచి, పైకప్పు మీద పైపుతో నీళ్లు పట్టాం. మా కుర్రాడు ఎంట్రీ బాక్స్ మీద అన్ని వైపుల నుంచీ కొట్టాడు. పెద్దాయన లోపల కూర్చుని అంకెలు చదివారు. డిష్ ముఖం మీద నీళ్లు పడినప్పుడు కాస్త తగ్గి వెంటనే కోలుకుంది, ఎంట్రీ బాక్స్ మీద పడినప్పుడు కదల్లేదు. అల్మారాలో జాయింట్ కింద కాగితం పరిచి ఉంచాం, అది పొడిగానే ఉంది. బండిని గాజువాక వైపు ఎత్తుపల్లాల రోడ్డు మీద తిప్పి తెచ్చి మళ్లీ చూశాం.

వానాకాలం గడిచాక ఓనర్లు బండి తీసుకొచ్చారు. వాన వెలిసిన కాసేపటికే బొమ్మ వస్తోందని, ఫ్రిజ్ ఆన్ అయినా ఏమీ కావట్లేదని చెప్పారు. అయినా ఎల్‌ఎన్‌బీ దగ్గర టేపు కోసి కనెక్టర్ విప్పి చూశాను. రాగి తీగ మెరుస్తోంది, జాలీ పొడిగా ఉంది. ఎల్‌ఎన్‌బీని పట్టుకునే క్లాంప్ బోల్టులు మాత్రం తుప్పు పట్టాయి, అవి డిష్‌తో వచ్చిన మామూలు బోల్టులు. వాటిని కూడా 316 గ్రేడ్‌వి వేసి, డిష్ కోణం సరిచూసి, కొత్త టేపు చుట్టి పంపించాను.